ఆఖరున కొనాల్సింది ఇంజను

ఈ ఏడు వేట నిషేధం మొదలైన రెండో రోజు పొద్దున్నే మా బావ నెల్లూరు ఆటోనగర్‌లో నా లేత్ షాపు ముందు బండి దిగాడు. చేతిలో ఒక కొటేషన్ కాగితం ఉంది. "అబ్బోడా, ఈసారి ఇంజను మార్చేస్తున్నా. ఇరవై నాలుగు పెట్టిస్తా. పది హెచ్‌పితో ఇంక నా వల్ల కాదు" అన్నాడు.

కాగితం చూశాను. రెండు సిలిండర్ల డీజిల్ ఇంజను, 24 హెచ్‌పి, 3000 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు), రెండుకి ఒకటి గేరు, అంటే ఇంజను రెండు చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒకటి తిరుగుతుంది. ధర చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి ఉంది. "ఏ సైజు ఫ్యానుకి బావా?" అని అడిగాను. పడవ కింద తిరిగి దాన్ని నెట్టే ప్రొపెల్లర్‌ని మేం ఫ్యాను అంటాం. "అదేముంది, వాళ్లే ఏదో ఒకటి ఇస్తారంట" అన్నాడు.

ఆ మాట దగ్గరే మా ఇద్దరికీ మొదలైంది. నిషేధం 61 రోజులూ, జూన్ 14 దాకా, ఇదే వాదన నడిచింది. అక్క వాళ్లింట్లో అన్నం దగ్గర, ఏటి గట్టున, ఫోన్లో, అర్ధరాత్రి వాట్సాప్‌లో. ఇందులో నాదొకటే మాట: చిన్న చెక్క పడవకి ఇంజను ఆఖరున కొనాలి. ముందు పడవని కొలవాలి, తరవాత దాని కింద ఎంత ప్రొపెల్లర్ పడుతుందో చూడాలి, తరవాత గేరు. ఆ ప్రొపెల్లర్‌ని తిప్పడానికి ఎంత బలం కావాలో తేలాకే ఇంజను షాపు మెట్లెక్కాలి. మన తీరంలో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. "ఎంత హెచ్‌పి?" అనేది మొదటి ప్రశ్న. చాలాసార్లు అదే ఆఖరి ప్రశ్న కూడా.

అడ్డంగా మాట్లాడుతున్నానేమో అని నాకే చాలాసార్లు అనుమానం వచ్చింది. సముద్రం మీదకి పోయేది నేను కాదు, వాళ్లు. అందుకే ఈ సంగతి తీరిగ్గా రాస్తున్నాను.

షాఫ్టు అబద్ధం చెప్పదు

అల్లూరు, ఇస్కపల్లి వైపు నుంచీ కావలి వైపు నుంచీ నా షాపుకి పడవల షాఫ్టులు, అంటే ఇంజనునీ ప్రొపెల్లర్‌నీ కలిపే కడ్డీలు, వస్తుంటాయి. అరిగినవి, వంగినవి, విరిగినవి. చాలా ఏళ్లుగా వాటిని చూస్తున్నాను కాబట్టి షాఫ్టుని చేతిలోకి తీసుకోగానే పడవ ఎలా నడిచిందో కొంత తెలిసిపోతుంది. నీళ్లు లోపలికి రాకుండా ఆపే గ్లాండు కూర్చునే చోట చుట్టూ సమానంగా అరిగితే అది వయసు అరుగుదల, భయం లేదు. ఒక పక్కే అరిగితే ఇంజనూ షాఫ్టూ ఒక గీతలో లేవన్నమాట. కీ గాడి దగ్గర మెలి తిరిగి విరిగితే, ఆ షాఫ్టు మొయ్యగలిగిన దానికంటే పెద్ద ఇంజను ఎవరో బిగించారన్నమాట.

ఈ మధ్య మెలి తిరిగినవే ఎక్కువ వస్తున్నాయి. పాత పడవ, పాత షాఫ్టు, పాత ప్రొపెల్లర్, ఇంజను మాత్రం కొత్తది. పెద్దది పెడితే పడవ దూసుకుపోతుందని పెట్టారు. ఇంజనులో పుట్టిన బలం ఎక్కడో ఒక చోటికి పోవాలి కదా! నీళ్లలోకి పోలేకపోతే ఇనుములోకి పోతుంది. ఇనుము తట్టుకుంటే చెక్కలోకి పోతుంది. పలకల సందుల్లో నార దోపి గుగ్గిలం పట్టించిన పడవకి ఆ అదురు మంచిది కాదు. పడవ వెనక భాగంలో సందులు విచ్చుకుని నీళ్లు ఊరుతున్నాయని వచ్చినవాళ్లని ముగ్గురిని అడిగాను. ముగ్గురూ ఏడాది లోపు ఇంజను మార్చినవాళ్లే.

పడవకి ఒక హద్దు ఉంది

బావ పడవ మొత్తం పొడవు 28 అడుగులు. నీళ్లకి ఆనే పొడవు 25. మనుషులు, వల, ఐసు, చేప కలిపి మూడు టన్నుల దాకా ఉంటుంది. ఇలాంటి పడవ నీళ్లని చీల్చుకుంటూ పోతుంది, నీళ్ల మీదకి లేవదు. అది పోతున్నప్పుడు ముందొక అల, వెనకొక అల లేస్తాయి. వేగం పెరిగే కొద్దీ ఆ రెండు అలల మధ్య దూరం పెరుగుతుంది. ఒక దశలో పడవ సరిగ్గా రెండు అలల మధ్య పల్లంలో ఇరుక్కుంటుంది. అక్కడి నుంచి ఇంకా వేగంగా పోవాలంటే ముందున్న అలని ఎక్కాలి. అది ఎప్పటికీ తరగని మెరక.

విలియం ఫ్రూడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1870లలో టార్కీ అనే ఊళ్లో పొడవాటి నీటి తొట్టి కట్టి, అందులో ఓడల నమూనాలని లాగి చూసి, ఈ అలల లెక్కకి పునాది వేశాడు. దాని నుంచి వచ్చిన మోటు సూత్రం ఇప్పటికీ పడవలు కట్టేవాళ్లు వాడతారు. నీళ్లకి ఆనే పొడవు అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణించాలి. 25కి వర్గమూలం 5. గుణిస్తే 6.7 నాట్లు, అంటే గంటకి సుమారు 12.4 కిలోమీటర్లు. బావ పడవ హద్దు అది. దాని దరిదాపుల్లోకి పోయే కొద్దీ ఒక్కో కిలోమీటరుకీ ఖర్చు మండిపోతుంది.

"మరి ఫైబర్ బోట్లు అంత స్పీడుగా ఎట్ట పోతాండాయి?" అన్నాడు బావ. న్యాయమైన ప్రశ్న. అవి తేలిక. వాటి అడుగు ఎక్కువ చదును. బలం ఇస్తే ముక్కు ఎత్తి నీటి మీద జారతాయి. మూడు టన్నుల గుండ్రటి అడుగున్న చెక్క పడవకి అది రాదు. 24 పెట్టినా రాదు, 40 పెట్టినా రాదు.

అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక మా మేనకోడలి నోటుబుక్కులో లెక్క వేశాను. వేటకి పోయే చోటు 15 కిలోమీటర్లు. సరైన ప్రొపెల్లరుతో 12 హెచ్‌పి ఇంజను 9 హెచ్‌పి దగ్గర నడిస్తే పడవ గంటకి 11 కిలోమీటర్లు పోతుంది. 82 నిమిషాలు. 24 హెచ్‌పి ఇంజనుని 20 దాకా తొక్కితే 12.4 పోతుందనుకుందాం. 73 నిమిషాలు. తేడా తొమ్మిది నిమిషాలు. పోయి రావడానికి పద్దెనిమిది.

డీజిల్ ఇంజను ఒక హెచ్‌పికి గంటకి పావు లీటరు తాగుతుందని మోటు లెక్క. మొదటిదానికి పోయి రావడానికి ఆరు లీటర్లు, రెండోదానికి పన్నెండు. ప్రభుత్వం ఇచ్చే 9 రూపాయల రాయితీ పోను లీటరు 90 అనుకుంటే రోజుకి 540 రూపాయలు. నెలకి 20 రోజులు సముద్రం మీదకి పోతే 10,800. పద్దెనిమిది నిమిషాల కోసం! లెక్క చూసి మా అక్క ఏమీ అనలేదు, గ్లాసులో మజ్జిగ పోసి బావ ముందు పెట్టింది.

ఒంగోలు గిత్త లెక్క

మా వైపు బండలాగుడు పోటీలు చూడనివాళ్లు ఉండరు. పెద్ద బండరాయి కట్టి ఒంగోలు జతని తోలతారు. అక్కడ ఎద్దు ఎంత వేగంగా పరుగెత్తగలదని ఎవరూ అడగరు. ఎంత బరువుని ఎంత దూరం లాగిందన్నదే లెక్క. మెడ దించి, గిట్ట నేలలోకి దిగేలా అదిమి, ఒక్కో అడుగూ వేస్తుంది. పడవ కింద ప్రొపెల్లర్ చెయ్యాల్సింది కూడా అదే. నెమ్మదిగా తిరుగుతూ ఎక్కువ నీళ్లని పట్టుకుని వెనక్కి నెట్టాలి. చిన్న ప్రొపెల్లర్ గిరగిరా తిరిగితే గరిటతో పడవ నడిపినట్టు ఉంటుంది. పెద్దది నిదానంగా తిరిగితే తెడ్డుతో నడిపినట్టు.

బావని తీసుకుని పడవ ఒడ్డుకి లాగిన చోటికి పోయాను. టేపు పెట్టి వెనక కొలిచాను. పడవ అడుగు చెక్క నుంచి కింద చుక్కాని ఆనే మడమ దాకా 24 అంగుళాల ఖాళీ ఉంది. ప్రొపెల్లర్ రెక్క కొసకీ పడవ అడుగుకీ మధ్య ప్రొపెల్లర్ సైజులో ఆరో ఏడో వంతు ఖాళీ వదలాలి. లేకపోతే రెక్క దాటిన ప్రతిసారీ నీళ్లు చెక్కని గుద్దుతుంటాయి. పైన మూడంగుళాలు, కింద ఒకటి వదిలితే 20 అంగుళాల ప్రొపెల్లర్ పడుతుంది. అప్పటిదాకా ఆ చోట తిరుగుతున్నది 12 అంగుళాలది! గేరు లేని పంపుసెట్టు ఇంజను నేరుగా 1500 ఆర్‌పీఎం మీద తిప్పేది. అంత వేగంలో 10 హెచ్‌పికి అంతకంటే పెద్దది తిప్పడం కుదరదు.

కొటేషన్‌లో ఉన్న 24 హెచ్‌పి ఇంజను గేరు పోను ప్రొపెల్లర్‌ని మళ్లీ 1500 మీదే తిప్పుతుంది. నా లెక్కలో దానికి 15 అంగుళాలది సరిపోతుంది. అంటే డబ్బు రెట్టింపు పోసి, ఉన్న 20 అంగుళాల చోటుని మళ్లీ ఖాళీగా వదిలేస్తున్నాం. అదే 12 హెచ్‌పి, 2200 ఆర్‌పీఎం ఇంజనుకి మూడుకి ఒకటి గేరు పెడితే ప్రొపెల్లర్ 730 మీద తిరుగుతుంది. సరిగ్గా 20 అంగుళాలది పడుతుంది. పాతకాలం మోటు లెక్క చూసినా అంతే. ఇలాంటి పడవకి టన్నుకి రెండు మూడు హెచ్‌పి చాలు, సముద్రం కాబట్టి జాగ్రత్తకి నాలుగు వేసుకుందాం. మూడు టన్నులకి 12.

మొగ దగ్గర నా వాదన ఆగింది

ఇంతవరకూ బావ ఒప్పుకున్నాడు. తరవాత ఒక మాట అన్నాడు. దానికి నా దగ్గర వెంటనే జవాబు లేదు.

"నువ్వు చెప్పేదంతా ఎండాకాలం లెక్క. కార్తీకంలో మొగ కాడ నిలబడి చెప్పు." మొగ అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు.

రెండేళ్ల కింద కార్తీకంలో వాయుగుండం దాటిన నాలుగో రోజు జరిగింది నాకు తెలుసు. ఏరు ఉధృతంగా సముద్రంలోకి పోతోంది. మొగలో ఇసుక మేట మారిపోయింది. వేట నుంచి తిరిగొస్తున్న బావ పడవ వెనక అలలు విరుగుతుంటే, ఎదురుగా ఏటి వడి తోసేస్తుంటే, మధ్యలో ఆగిపోయింది. ఇంజను పూర్తిగా తొక్కినా ముందుకి రాదు. వెనక్కి పోతే అల పక్క నుంచి కొడుతుంది. అరగంట సేపు ఒకే చోట. ఒడ్డున మా అక్క చంకలో పిల్లతో నిలబడి ఉంది. పోటు వచ్చి ఏటి వడి తగ్గాక లోపలికి రాగలిగారు. ఆ అరగంట గుర్తున్న మనిషి 24 కావాలంటే, నోటుబుక్కులో తొమ్మిది నిమిషాల లెక్క చూపించి కాదనే హక్కు నాకెక్కడిది?

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లేచి మళ్లీ లెక్క వేశాను. ఈసారి వేగం కాదు, నిలబడిన చోట పడవని తోసే బలం. కదలని పడవ మీద ఆ బలం ఇంజను శక్తినీ ప్రొపెల్లర్ అడ్డుకొలతనీ కలిపి పెరుగుతుంది, కానీ ఒకటికి ఒకటిగా కాదు. హెచ్‌పి రెట్టింపు చేసినంత మాత్రాన తోపు రెట్టింపు కాదు. కాగితం మీద వచ్చిందిది: పాత 10 హెచ్‌పి, 12 అంగుళాల జోడీ కంటే 12 హెచ్‌పి, 20 అంగుళాల జోడీ తోపు సగం మేర ఎక్కువ. 24 హెచ్‌పి, 15 అంగుళాల జోడీ దాని మీద ఇంకో మూడో వంతు ఎక్కువ.

అంటే మొగ దగ్గర బావ మాటలో నిజం ఉంది. 24దే బలం ఎక్కువ. పొద్దున ఫోన్ చేసి ఆ సంగతి దాచకుండా చెప్పాను. ఇంకో సంగతి కూడా చెప్పాను. ఆ రోజు అరగంట ఆగిపోయింది ఇంజను చాలక కాదు, దాని బలం నీళ్లకి ముట్టక. ఇంజను అరుస్తుంటే వెనక తెల్లటి నురగ లేచిందని ఆయనే చెప్పాడు. నురగ లేచిందంటే ప్రొపెల్లర్ నీళ్లని పట్టుకోలేదు, చిలికింది. 12 హెచ్‌పితోనే ఆ రోజుకంటే సగం మేర ఎక్కువ తోపు వస్తుంది. ఆపైన ఇంకో మూడో వంతు కోసం ఏడాది పొడుగునా రోజుకి ఆరు లీటర్లు ఎక్కువ కాల్చాలా, ఆ అదురు చెక్క మొయ్యాలా అన్నదే ప్రశ్న. ఏటి వడి మరీ ఎక్కువ ఉన్న రోజు 24 ఉన్నా పోటు కోసం ఆగాల్సిందేనని నా నమ్మకం. ఇక్కడ మాత్రం నాది నమ్మకమే, లెక్క కాదు.

ఇంకో వాదన చేపల వేలం గురించి. ముందు ఒడ్డుకి చేరిన చేపకి వేలంపాటలో ధర ఎక్కువ పలుకుతుంది. వంజరం పడ్డ రోజు తొమ్మిది నిమిషాలకి విలువ ఉంటుంది, కాదనను. కానీ ఆ పోటీ ఫైబర్ బోట్లతో. వాటిని చెక్క పడవ 24తో కూడా అందుకోలేదు. గెలవలేని పందానికి రోజూ డబ్బు కట్టడం నాకు మనసొప్పదు.

అందరికీ ఇదే మాట చెప్పను

నా మాట ఏటిలోనో హార్బర్‌లోనో కట్టేసే పడవలకే. జువ్వలదిన్నె లాంటి హార్బర్‌లో, ఉప్పుటేటి గట్టున నీళ్లలో తేలుతూ ఉండే పడవకి కింద ప్రొపెల్లర్ ఉంచుకోవచ్చు. మైపాడులోనో, ప్రకాశం జిల్లా కొత్తపట్నంలోనో అలల్లోంచి నేరుగా ఇసుక మీదకి ఎక్కించే పడవకి లోపల బిగించే ఇన్‌బోర్డ్ ఇంజను సరిపడదు. 20 అంగుళాల ప్రొపెల్లర్ మొదటి రోజే ఇసుకలో కూరుకుపోతుంది. అక్కడ పొడవాటి షాఫ్టుతో వెనక బిగించి, ఒడ్డు దగ్గర చేత్తో పైకెత్తే ఇంజన్లే సరి.

ఈ చిక్కు తీర్చాలని గట్టిగా ప్రయత్నం జరిగింది కూడా. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా బంగాళాఖాతం కార్యక్రమం మొదలుపెట్టి, 1980లలో ఈ తూర్పు తీరం ఒడ్డుల మీదకే ఎక్కగలిగే పడవలు తయారుచేసింది. చిన్న డీజిల్ ఇంజను లోపలే ఉంటుంది, ఒడ్డు దగ్గరపడగానే షాఫ్టూ ప్రొపెల్లరూ పైకి ఎత్తేసుకోవచ్చు. ఆలోచన ఎంత మంచిదో చూడండి. వాళ్లు ఇంజను దగ్గర మొదలుపెట్టలేదు. ఒడ్డు ఎలా ఉంది, అల ఎలా విరుగుతుంది, పడవని ఎంతమంది లాగుతారు అన్నది చూసి, దానికి తగ్గ పడవ గీసి, ఆ పడవకి తగ్గ చిన్న ఇంజను పెట్టారు. నేను చెప్పే వరస అదే.

గేరు లేని రోజులు

మా నాయన పడవలో ఉన్నది పొలం నుంచి తెచ్చిన ఆయిల్ ఇంజను. మోటారు పంపుకి కరెంటు వచ్చాక పక్క ఊరి రైతు అమ్మేస్తే కొన్నాడు. హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చెయ్యాలి. బాగానే నడిచేది, దాని మీద నాకు గౌరవం ఉంది. కానీ న్యూట్రల్ లేదు, రివర్స్ లేదు. ఇంజను తిరిగితే పడవ ముందుకే పోతుంది. గట్టు దగ్గరికి వచ్చేముందు ఎప్పుడు ఆపాలో నాయన కంటి అంచనా. నాకు పన్నెండేళ్లప్పుడు ఒకరోజు ఆ అంచనా తప్పింది. గట్టున కట్టేసిన పడవని గుద్దాం. ఆ పడవలో వల సరిచేస్తున్నాయన చెయ్యి రెండు పడవల మధ్య నలిగింది. రెండు వేళ్లు మళ్లీ వంగలేదు. నాయన ఆ తరవాత చాలా రోజులు ఏటి గట్టుకి పోయినప్పుడు తల ఎత్తేవాడు కాదు.

అందుకే గేరుబాక్సు విషయంలో నేను బేరమాడను. ఇంజనులో రెండు హెచ్‌పి తగ్గించుకోండి, గేరు మాత్రం వదలొద్దు. మెరైన్ గేరుబాక్సులో ఇంకో ముఖ్యమైన పని కూడా జరుగుతుంది. ప్రొపెల్లర్ నీళ్లని వెనక్కి నెడితే షాఫ్టు ఇంజనుని ముందుకి నెడుతుంది. ఆ తోపుని మోసే బేరింగు గేరుబాక్సులో ఉంటుంది. పంపుసెట్టు ఇంజనుకి అది ఉండదు, పంపుకి దాని అవసరం రాదు. విడిగా థ్రస్ట్ బేరింగు పెట్టకుండా బిగిస్తే ఆ భారమంతా ఇంజను లోపల తిరిగే ఇరుసు, క్రాంకు మీద పడుతుంది. అలా పోయిన క్రాంకులు నా షాపు మూలన ఇప్పటికీ రెండున్నాయి.

ఉప్పు నీళ్లు, ప్లాస్టిక్ కవర్లు

గాలితో చల్లబడే ఇంజను తేలిక, పంపు గొడవ ఉండదు. కానీ పడవ కడుపులో చెక్క పెట్టెలో మూసిపెడితే దానికి గాలి ఎక్కడిది? రోహిణి కార్తె ఎండలో ఆ పెట్టె మీద చెయ్యి పెట్టి చూడండి. లోపల బిగించే ఇంజనుకి నీటి కూలింగే కావాలి.

అందులోనూ సముద్రపు నీళ్లని నేరుగా ఇంజనులో తిప్పితే ఉప్పు పేరుకుంటుంది. వేడి పెరిగే కొద్దీ పేరుకోవడం ఎక్కువవుతుంది. పైగా మా ఏట్లో రొయ్యల గుంటల నుంచి వచ్చే బురద, సంచులు, కవర్లు. పోయినేడు ఒక కవరు నీళ్లు పీల్చే రంధ్రానికి అతుక్కుని బావ ఇంజను హెడ్ గాస్కెట్ పోయింది. తెల్లటి పొగ చూసి ఆపాడు కాబట్టి అంతటితో సరిపోయింది. అందుకే నేను పడవ అడుగున బయటివైపు రాగి గొట్టం బిగించి, ఇంజనులో మంచినీళ్లే ఆ గొట్టం గుండా తిరిగేలా చెయ్యమన్నాను. సముద్రం బయట నుంచే చల్లబరుస్తుంది, లోపలికి రాదు. పీల్చే రంధ్రం లేదు, కవరు భయం లేదు. రాగి, కంచు, ఇనుము ఒకే ఉప్పు నీళ్లలో ఉంటే ఒకదాన్నొకటి తినేస్తాయి కాబట్టి వాటి బదులు తాను అరిగే జింకు దిమ్మ మాత్రం బిగించాలి, అరిగినప్పుడల్లా మార్చాలి.

పెట్రోలు ఇంజను తేలిక, చవక కూడా. పడవ లోపల మాత్రం వద్దు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. కారితే పడవ అడుగున చేరి కూర్చుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. బ్యాటరీ మోటారు గురించి కుర్రాళ్లు అడుగుతుంటారు. ఏట్లో, కాలవలో తిరిగే చిన్న పడవకి మంచి రోజులు దగ్గర్లోనే ఉన్నాయని నాకూ అనిపిస్తుంది. రోజూ 30 కిలోమీటర్లు సముద్రం మీద తిరిగే పడవకి అంత బ్యాటరీ బరువూ, అంత ఖర్చూ ఈరోజు బావ లాంటి మనిషి మోసేది కాదు.

రాత్రి రెండింటికి ఎవరు వస్తారు?

సెకండ్ హ్యాండ్‌లో వచ్చే జపాన్ ఇంజన్లు చూపించి ఒకాయన బావని బాగా ఊరించాడు. నిజంగా మంచి ఇంజన్లు, సద్దు తక్కువ. నాకూ ముచ్చటేసింది. కానీ ఇంజెక్టర్ నాజిల్ పోతే చెన్నై మనిషి కోసం ఎదురుచూడాలి. ఈలోపు ఎన్ని వేటలు పోతాయి? మా ఊళ్లో చేతులకి ఎప్పుడూ మసి అంటుకునుండే ఒక మెకానిక్ ఉన్నాడు. పంపుసెట్లు చూసి నేర్చుకున్నవాడు. ఆయన కళ్లు మూసుకుని విప్పి బిగించగల ఇంజను ఏదో అది కొనమన్నాను. కొన్నేళ్ల వారంటీ కాగితం కంటే రాత్రి రెండింటికి టార్చిలైటు పట్టుకుని వచ్చే మనిషి ఎక్కువ. చేత్తో తిప్పి స్టార్ట్ చేసే వీలు కూడా ఉండి తీరాలన్నాను. బ్యాటరీ దిగిపోయే రోజు సముద్రంలోనే వస్తుంది.

చివరికి బావ 12 హెచ్‌పి రెండు సిలిండర్లది కొన్నాడు. మూడుకి ఒకటి గేరు. 20 అంగుళాల కంచు ప్రొపెల్లర్. 24 కంటే ధర తగ్గింది కానీ గేరుబాక్సూ ప్రొపెల్లరూ ఆ మిగిలిందంతా తినేశాయి. అది ముందే చెప్పాను కాబట్టి మాట పడలేదు. షాఫ్టు నా లేత్ మీద నేనే చేశాను. ఇంజను కూర్చునే దిమ్మలని మేస్త్రి మూడడుగులు వేద్దామంటే ఏడడుగులు వేయించాను. బరువూ అదురూ పడవ పొడవునా పంచుకోవాలని.

ఒడ్డు మీద గేరుబాక్సునీ షాఫ్టునీ కలిపే కప్లింగు రెండు ముఖాల మధ్య కాగితం కూడా దూరనంత గీతగా కుదిర్చాం. పడవ నీళ్లలోకి దించిన నాలుగో రోజు మళ్లీ విప్పి చూద్దామంటే బావకి కోపం వచ్చింది. "మొన్ననే గదా బిగించినావు?" అన్నాడు. చెక్క పడవ ఒడ్డున ఒక ఆకారంలో ఉంటుంది, నీళ్లు తాగి తేలాక ఇంకో ఆకారంలోకి వస్తుంది. ఇంజను వెనక బోర్లా పడుకుని కప్లింగు బోల్టులు వదులు చేసి చూస్తే పైభాగంలో అర మిల్లీమీటరు సందు కనిపించింది. బావని పిలిచి టార్చి వేసి చూపించాను. ఆయన వంగి చూసి, ఏమీ అనకుండా స్పానరు అందించాడు. ఆ సందు అలాగే వదిలేసుంటే ఏడాది తిరక్కుండా ఒక పక్క అరిగిన షాఫ్టు నా షాపుకే వచ్చేది.

వేట మొదలై మూడు నెలలైంది. డీజిల్ ఎంత పోశాడో, ఎన్ని గంటలు నడిపాడో మేనకోడలి అదే నోటుబుక్కులో రాయిస్తున్నాడు. ఇప్పటిదాకా నా లెక్కకి కాస్త అటూ ఇటూగా వస్తోంది. గట్టు దగ్గర రివర్స్ వేసి పడవని ఆపడం చూసి పక్క పడవ వాళ్లు ఇద్దరు గేరు గురించి అడిగి పోయారు.

కార్తీకం ఇంకా రాలేదు. మొగ ఎలా ఉంటుందో, ఏటి వడి ఎంత ఉంటుందో ఆ వాన చెప్పాలి. 24 హెచ్‌పి కొటేషన్ కాగితం బావ పారెయ్యలేదు. ఇంట్లో దేవుడి పటం వెనక పెట్టి ఉంచాడని మొన్న మా అక్క చెప్పింది.